స్లాష్ దగ్గర ఆగే స్టార్

కామారెడ్డి జిల్లా మండలాలకు తలా ఒక ఫోల్డర్ పెట్టి, వాటిలో ఊళ్ల ఫోల్డర్లు, ఆ లోపల ఫైళ్లు సర్దామనుకోండి. లినక్స్ టెర్మినల్‌లో *రెడ్డి అని అడిగితే కామారెడ్డి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి, రామారెడ్డి వచ్చి వరసలో నిలబడతాయి. నాగిరెడ్డిపేట రాదు, దాని చివర పేట ఉంది కదా! *పేట అంటే లింగంపేట, రాజంపేట, బీబీపేటలతో కలిసి వస్తుంది. ఒక్క స్టార్ గుర్తుతో ఇంత పని!

ఇలా గుర్తులతో పేర్లను పట్టే పద్ధతి పేరు గ్లాబ్. బెల్ ల్యాబ్స్‌లో 1971లో వచ్చిన తొలి యునిక్స్‌లోనే ఉంది. అప్పుడది విడి ప్రోగ్రాం, మనం టైపు చేసే కమాండ్లను అందుకునే షెల్ అవసరమైనప్పుడు దాన్ని పిలిచేది. తర్వాత షెల్‌లోనే కలిసిపోయింది. పేర్లను విప్పి ఇచ్చే పని ఒక్కచోటే జరుగుతుంది కాబట్టి కాపీ చేసే కమాండ్‌కూ చెరిపే కమాండ్‌కూ స్టార్ సంగతే తెలియక్కర్లేదు. వాటికి అందేవి పూర్తి పేర్లే.

నాకు అన్నిటికన్నా నచ్చేది దీని నిగ్రహం. స్టార్ ఎన్ని అక్షరాలనైనా మింగుతుంది గానీ స్లాష్‌ను దాటదు. ఎల్లారెడ్డి/* అంటే ఆ మండలంలోని ఊళ్ల ఫోల్డర్లు, అంతే. ఊరి లోపలి ఫైళ్లు కావాలంటే ఎల్లారెడ్డి/*/* అని ఇంకో మెట్టు మనమే రాయాలి. చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్లనూ అది ముట్టుకోదు. చెరిపే కమాండ్ పక్కన స్టార్ రాసేవాళ్లకు ఈ హద్దు ఎంత రక్షణో! ఎంత లోతుకైనా దిగే జంట స్టార్ బాష్ అనే షెల్‌లోకి 2009లో వచ్చింది. అదీ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

లోపలి పనితనం ఇంకా ముచ్చటైనది. మనం రాసిన నమూనాను పేరుతో పోలుస్తూ పోయి ఎక్కడైనా తేడా వస్తే, స్టార్ ఇంకో అక్షరం మింగి మళ్లీ చూడాలి. స్టార్లు చాలా ఉంటే అన్నిటినీ కదిపి చూసే ప్రోగ్రాం కొన్ని పేర్ల దగ్గర గంటలకొద్దీ తిరుగుతుంది. నిజానికి చివర చూసిన స్టార్ ఒక్కదాన్ని గుర్తుంచుకుంటే చాలు. అంతకుముందు స్టార్లు వీలైనంత ముందుగానే తమ చోటు దొరకబుచ్చుకున్నాయి, వాటిని ఇంకా వెనక్కి జరిపితే కొత్తగా దొరికేదేమీ లేదు. ప్రోగ్రామర్ రస్ కాక్స్ 2017లో ఈ సంగతిని వివరంగా రాశాడు.

గ్లాబ్‌లోని మరో గుర్తు ప్రశ్నార్థకాన్ని మాత్రం తెలుగులో జాగ్రత్తగా వాడాలి. అది ఒక్క గుర్తుకే సరిపోతుంది. మన కంటికి ఎల్లారెడ్డి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొచ్చి పదకొండు అవుతాయి. నాలుగు ప్రశ్నార్థకాలు పెడితే ఆ ఫోల్డర్ దొరకదు. ఆ విడివిడితనమే ఒకచోట కలిసొస్తుంది: చదరపు బ్రాకెట్లు లోపలి గుర్తుల్లో ఏదో ఒకదానికి సరిపోతాయి. వాటిలో క, ర రెండూ పెట్టి, వెంటనే దీర్ఘం, ఆపై మారెడ్డి రాస్తే కామారెడ్డి, రామారెడ్డి రెండే వస్తాయి. తెరమీద ఆ దీర్ఘం హల్లు లేక ఒంటరిగా వేలాడినట్టు కనిపించినా, షెల్ దాన్ని సరిగ్గానే చదువుకుంటుంది.