చదివి వినిపించదగిన ‘చందమామ’

ధర్మపురి ప్రాంతపు మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు చెవికి చుట్టమే గాని కంటికి పరాయిది. 2006 నాటి చట్టముతో బడిలో తమిళము తప్పనిసరియైనది. అట్టి బిడ్డకు గ్రంథాలయము పుస్తకమిచ్చినంత చాలదు. చదివి వినిపించు పెద్దలు కావలెను, వినుటకు తగిన వచనమును కావలెను.

1947 జూలైలో మద్రాసున తెలుగు, తమిళములందు వెలువడిన ‘చందమామ’ యందు ఆ వచనమున్నది. 1952 నుండి 1980 వరకు కథలను దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు అలంకారమును తగ్గించి నడకను నిలిపెను. అవ్వ నోట ఆ వాక్యము తడబడదు. లోపమొక్కటే: అది కోస్తా పలుకుబడి, మన యింటి మాటకందు చోటు లేదు. చదువువారు దానిని చేర్చినచో నేనైతే తప్పుపట్టను.

పత్రిక 2013 నాటికే ఆగినది. మిగిలిన సంచికలను బీరువాలో బంధింపక, తమిళ ‘అంబులిమామ’తో జంటగా ఇంటికిచ్చుట మేలు. తాత తెలుగున చదివిన కథనే అక్క తమిళమున చదువును. చిన్నవాడు రెండును వినును.