తిలంగాల నుంచి సామ్ బహదూర్ దాకా

1857లో తిరగబడి ఢిల్లీ చేరిన సిపాయిలను ఆ ఊరి జనం ‘తిలంగాలు’ అన్నారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్, బిహార్ పల్లెల వాళ్లు. తెలుగు ముక్క రాదు, గోదావరి ఎటుందో తెలియదు. అయినా ఆ పేరు పుట్టింది మన సీమ నుంచే.

అందుకు నూరేళ్లు వెనక్కి వెళ్లాలి. బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా పట్టుకున్న కలకత్తాను విడిపించడానికి 1756 చివర్లో ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్ మద్రాసులో ఓడ ఎక్కాడు. వెంట సుమారు 900 మంది తెల్ల సైనికులు, 1500 మంది సిపాయిలు. వరసలు కట్టి, ఒక్క అడుగుగా నడిచి, ఆజ్ఞ వినగానే అందరూ ఒక్కసారే తుపాకి పేల్చే దేశీ పటాలం బెంగాల్ జనానికి కొత్త. వీళ్లెవరని అడిగితే, దక్షిణాది తీరం నుంచి, తెలింగాణం వైపు నుంచి వచ్చారన్నారు. వాళ్లలో తమిళులున్నారు, ముస్లింలున్నారు. పేరు పెట్టినవాళ్లు ఆ తేడాలు చూడలేదు. తరవాత బెంగాల్ పటాలాల్లో కంపెనీ ఉత్తరాది వాళ్లను చేర్చుకోవడం మొదలుపెట్టింది. మనుషులు మారినా కోటూ కవాతూ మారలేదు కాబట్టి పేరూ మారలేదు. అవధ్ నవాబు పటాలాలకూ అదే అంటుకుంది. నేపాల్ దాకా పాకి, నేపాలీలో సిపాయి అన్న అర్థంతో స్థిరపడింది.

సైన్యపు మారుపేర్లన్నిటిలో నేను దీన్నే విలువైనదిగా ఎంచుతాను. మద్రాసులో ఓడ ఎక్కిన ఆ తొలి సిపాయిల సొంత పేర్లు మనకు దాదాపు మిగల్లేదు. వాళ్లు పోరాడింది కంపెనీ జీతానికి, ఆ సంగతి దాచక్కర్లేదు. కానీ కూలికీ కొలువుకీ సముద్రం దాటి వెళ్లిన తెలుగువాళ్ల జాడ అంత దూరాన, అంతకాలం నిలిచిందంటే దాన్ని చరిత్ర పుస్తకాల కన్నా జనం నోరే ఎక్కువ కాపాడింది.

ఊరి తరవాత ఎక్కువ పేర్లకు మూలం బట్ట. 1757లో క్లైవ్ బెంగాల్‌లో కట్టిన తొలి పటాలం ఎర్రకోట్లు తొడుక్కుని ‘లాల్ పల్టన్’ అయింది. ఖాకీ మీద ఎర్ర పట్టీ కట్టిన హడ్సన్ గుర్రపు దళాన్ని ‘ఫ్లెమింగోలు’ అన్నారు. ఏటా మన పులికాట్‌కు వచ్చే పక్షులే అవి.

నాయకుడి పేరు జనం నాలుక మీద అరిగి కొత్త రూపు కట్టడం ఇంకో దారి. 1803లో పసుపు కోట్ల దళాన్ని కట్టిన జేమ్స్ స్కిన్నర్‌ను రౌతులు సికందర్ సాహెబ్ చేసుకున్నారు. మన హైదరాబాదు ఇంకా ముచ్చటైన పని చేసింది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్‌ను తోటివాళ్లు ‘ముస్యూ’ అంటుంటే విని, హిందువులు మూసారాం అన్నారు, ముస్లింలు మూసారహీం అన్నారు. ఆయన 1798లో పోయాడు. మూసారాంబాగ్ పేరు ఆయనదే.

సర్కారు పెట్టే పేర్లకు ఇంత ఆయుష్షు లేదు. 1861లో, 1903లో, 1922లో పటాలాల అంకెలూ హోదాలూ మళ్లీ మళ్లీ తిరగరాశారు. గుర్రాల స్థానంలో ట్యాంకులు వచ్చినా స్కిన్నర్ పేరు మాత్రం నేటి మన సైన్యంలోనూ ఉంది. అంకెను చూసి ప్రాణమిచ్చే సిపాయి ఉండడు. తాతలు, తండ్రులు పలికిన పేరు మీద మచ్చ పడకూడదనుకునేవాడు ఉంటాడు. పోరులో పుట్టే పేర్లూ ఉంటాయి. 1948లో జమ్మూలో నౌషేరాను నిలబెట్టిన బ్రిగేడియర్ ఉస్మాన్‌కు ‘నౌషేరా సింహం’ అన్న పేరు వచ్చింది. ఆ ఏడాదే జూలై 3న ఝంగర్‌లో ఆయన నేలకొరిగారు.

అడగకుండా వచ్చే పేరే అసలైనది. 1969లో సైన్యాధిపతి అయిన మానెక్‌షా ఒక గోర్ఖా జవానును ‘నీ చీఫ్ పేరేమిటి’ అని అడిగారట. జవాను తడుముకోకుండా ‘సామ్ బహదూర్’ అన్నాడు. గోర్ఖాల్లో ఎంతోమంది పేర్లలో బహదూర్ ఉంటుంది. ఆ పార్సీ అధికారిని అతను తన వాళ్లలో ఒకడిగా లెక్కేసుకున్నాడు. 1973లో ప్రభుత్వం ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చినా, సైన్యానికీ దేశానికీ ఆయన సామ్ బహదూరే.