ఆత్మనిందయు ఆత్మద్వేషమును: కోలారు సీమనుండి ఒక పరిశీలనము

తన తప్పును తాను తెలిసికొనుట వివేకమునకు మొదటి మెట్టని మన పెద్దలు చెప్పుదురు. తన్ను తాను ద్వేషించుకొనుట వ్యాధిలక్షణమని మానసిక వైద్యులు చెప్పుదురు. ఈ రెండు మాటలును సత్యములే. కాని ఒకదానిని మఱియొకదానిగా భ్రమించినచో అనర్థము వాటిల్లును. దిగులుతో క్రుంగినవాడు “నేను పాపిని, బ్రతుకదగను” అనినప్పుడు, “నీ తప్పు నీకు తెలిసినది గదా, ఇక దేవుని తలచుకొనుము” అని ఇంటి పెద్దలు ఓదార్తురు. వారి యుద్దేశము మంచిదే. కాని రోగి చెవికది తన తీర్పును ధ్రువపఱచిన మాటగానే వినబడును. కావున మన సాహిత్యమందలి ఆత్మనిందకును, రోగియందలి ఆత్మద్వేషమునకును గల భేదమును పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

తెలుగు భక్తి వాఙ్మయమున ఆత్మనింద సమృద్ధముగా కలదు. కాళహస్తీశ్వర శతకమున ధూర్జటి రాజసేవను ఏవగించుకొనుటయే కాక, విషయసుఖములకు లొంగిన తన మనస్సునుగూడ దూషించెను. దాశరథీ శతకమున కంచెర్ల గోపన్న తన పాపముల నొప్పుకొని శరణు వేడెను. త్యాగరాజస్వామివారి గౌళరాగ పంచరత్న కీర్తన దాదాపు ఆద్యంతము తన దోషముల పట్టికయే. పై చూపునకు ఈ మాటలును విషాదరోగి మాటలును ఒకటిగానే తోచును. భేద మెచ్చట నున్నది?

భేదము మాటలలో లేదు, రచనాస్వరూపమున నున్నది. శతకపద్యమునకు మకుటము ప్రాణము. నింద ఎంత తీవ్రమైనను, పద్యము ముగియునప్పటికి కవి సంబోధనకు రావలసినదే. గోపన్న మకుటము రాముని దయాసముద్రునిగా పిలుచును. నూటికి మించిన పద్యములలో అన్నిసార్లును నింద ఆ పిలుపువద్ద ఆగుచున్నది. అనగా నిందించువాడొకడు, వినువాడు వేఱొకడు. వినువాడు నిందించువానికంటె దయగలవాడు. త్యాగరాజ కీర్తనయు తన్ను కాపాడువాడెవడను ప్రశ్నగా సాగుచున్నది. వినువాడు కలడను నమ్మకము లేనిచో ఆ ప్రశ్నయే పుట్టదు. ఇంకొక విశేషము. తిరువయ్యారున ఆరాధన దినమున ఆ దోషముల పట్టికను వందలమంది గాయకులు ఒక్క గొంతుతో పాడుదురు. అచ్చట తప్పులు చెప్పుకొనువాడు ఒంటరివాడు కాడు.

ఆత్మద్వేషమున ఈ వినువాడు లేడు. నేరము మోపువాడు, నిందితుడు, తీర్పరి, శిక్ష వేయువాడు—నలుగురును ఒక్కడే. అప్పీలు చేసికొనుటకు పై న్యాయస్థానము లేదు. దానిని మకుటము లేని శతకమనవచ్చును. అది ఎన్నటికిని ముగియదు.

పాశ్చాత్య శాస్త్రజ్ఞులు ఈ విషయమును పలుతెఱగుల వివరించిరి. శోకమును విషాదరోగమును పోల్చుచు 1917లో ప్రకటించిన వ్యాసమున ఫ్రాయిడ్ ఒక విచిత్రమును గుర్తించెను: రోగి తనపై మోపుకొను నేరములు పెక్కుసారులు అతనికి సరిపడవు, అతడు ప్రేమించి కోల్పోయిన వారికో, అతనిని నిరాశపఱచిన వారికో సరిపడును. ఇతరునిపై కోపము దారి మఱలి తనపై పడినదన్నమాట. 1950లో కేరెన్ హార్నీ మఱియొక మార్గమున నడచెను. మనుష్యుడు తనకొక లోపములేని ప్రతిమను కల్పించుకొని, ఆ ప్రతిమకు సాటిరాని నిజస్వరూపమును అసహ్యించుకొనునని ఆమె మతము. 1971లో హెలెన్ బ్లాక్ లూయిస్ అపరాధభావమునకును సిగ్గునకును భేదము చూపెను: మొదటిది చేసిన పనిని చూచును, రెండవది చేసిన మనిషినే చూచును. పనిని దిద్దుకొనవచ్చును, పరిహారము చెల్లింపవచ్చును. మనిషియే తప్పైనచో దిద్దుట కేమి మిగులును? ఈ వివరణము లన్నియు అందఱు రోగులకును సమముగా వర్తింపవు. విషాదరోగమునకు శారీరక కారణములును కలవు. పెక్కుమందికి ఔషధము అవసరము. ఐనను రోగి పలుకును అర్థము చేసికొనుటకివి దారి చూపును.

ఈ దృష్టితో మన కోలారు బంగారు గనుల నొకసారి చూతము. 1880లో జాన్ టేలర్ సంస్థ నిర్వహణ మారంభమైన పిదప గనులు విస్తరించి, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. తమిళులతోపాటు చిత్తూరు ప్రాంతపు తెలుగువారును ఆ చీకటిలో పనిచేసిరి. బంగారమును దొంగిలింతురేమోయను అనుమానము కార్మికుని వెన్నంటియుండెడిది. 1930లో వేలిముద్రల నమోదుపై కార్మికులు సమ్మెచేసిరి. ఆ సమ్మెలోని మనస్తత్త్వము గమనింపదగినది: తమపై మోపిన అనుమానమును వారు లోనికి మ్రింగక, మోపినవారి వైపునకే త్రిప్పి పంపిరి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. ఖనిజమున బంగారపు పాలు తగ్గుట, లోతు పెరిగిన కొలది వ్యయము హెచ్చుట అందుకు ముఖ్యకారణములు. ఇప్పుడొక కార్మికుని ఊహింతము. తాత తండ్రులు దిగిన గనిలోనే తానును దిగెను. ఆ పని పోయినది. తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి కూలికి పోవుచు, “నేను చేతకానివాడను, ఇంటికి బరువును” అని తన్ను దూషించుకొనుచున్నాడు. ఫ్రాయిడ్ చూపిన దారిని ఈ మాటను విన్నచో, ఇది చిరునామా తప్పిన ఉత్తరమని తెలియును. ఫలించకపోయినది గని, నేరము మోయుచున్నది మనిషి. హార్నీ చూపిన దారిని విన్నచో, తండ్రివలె ఇల్లు నిలుపు పురుషుడను ప్రతిమ అతనిని కొరడాతో కొట్టుచున్నది. అతనికి వినయము బోధించుట గాయముపై కారము చల్లుటయే.

మఱి చికిత్స యెట్లుండవలెను? ఈ సీమలోని ఒక కథ ఇచట స్మరణీయము. కైవారము 2007 వఱకు కోలారు జిల్లాలో నుండి, నేడు చిక్కబళ్లాపురము జిల్లాలో చేరియున్నది. ఆ యూరి నారేయణ యోగి 1726లో జన్మించెనని సంప్రదాయము. తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిన ఆ మహనీయుడు మొదట గాజుల వర్తకుడు. లాభమెఱుగని వ్యాపారమువలన ఇంట మాటలు పడెనట. పరదేశి స్వామియను గురువు అతనికొక గులకరాయి నిచ్చి, నోట నుంచుకొని మంత్రము జపింపుమనియు, అది కలకండగా మాఱిననాడు సిద్ధి కలుగుననియు చెప్పెనట. కథలోని మహిమ నటుంచి గురువు పద్ధతిని చూడుడు. ఆయన నిందకు నింద చేర్చలేదు. “నీయందు దోషమే లేద”ని పొగడనులేదు. చేయదగిన చిన్న పని నొకటి యిచ్చి, కాలమునిచ్చి, ఫలమునందు నమ్మకము నిచ్చెను.

మంచి చికిత్సకుని నడకయు ఇట్టిదే. “నీవు మంచివాడవు” అని వెంటనే వాదించినచో, తన్నెవ్వరును అర్థము చేసికొనలేదని రోగి తలచును. ముందు వినవలెను. పిదప “నీవేమి చేసితివి?” అను ప్రశ్నను “నీ వెట్టివాడవు?” అను ప్రశ్ననుండి విడదీయవలెను. నిజముగా తప్పు చేసినచో పశ్చాత్తాపమునకు చోటీయవలెను. దానిని తుడిచివేయుట చికిత్స కాదు. ఆరన్ బెక్ 1960వ దశకమునుండి అభివృద్ధిచేసిన పద్ధతిలో, రోగి తనపై చేసికొను ప్రతి తీర్పునకును సాక్ష్యమేమని రోగియు వైద్యుడును కలిసి విచారింతురు. మన సీమలో ఇంకొక ప్రశ్నయు అడుగదగినది: లోపల నిందించు గొంతు ఏ భాషలో మాటాడుచున్నది? ఇంట తెలుగు, వీథిలో తమిళము, కచేరిలో కన్నడము మాటాడువానికి, ఆ గొంతు భాష తెలిసినచో అది ఎవరి గొంతో తెలియవచ్చును.

1973లో జె. ఎస్. నేకీ గురుశిష్య సంబంధమును భారతీయ చికిత్సకు ఒరవడిగా సూచించెను. అది మెచ్చదగినదే. కాని గురుస్థానమున కూర్చున్నవాడు మఱియొక తీర్పరి యగు ప్రమాదమును మఱువరాదు. పరదేశి స్వామివలె ప్రవర్తించువాడే ఇందుకు తగినవాడు.

తన్ను ద్వేషించుకొనువాడు ప్రాణము తీసికొనవలెనను తలంపునకు రావచ్చును. “అట్టి తలంపు కలుగుచున్నదా?” అని సూటిగా అడుగుటకు జంకరాదు, అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు, పైగా బరువు దిగును. బెంగుళూరున 1954లో స్థాపితమైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1974లో అచటి మానసిక వైద్యశాలతో కలిసి నిమ్‌హాన్స్ అయ్యెను. కోలారు వారికది దూరము కాదు. 2022 అక్టోబరులో ఆరంభమైన ప్రభుత్వపు టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగున గూడ లభించుచున్నది.

మన పూర్వకవులు తమ్ము తాము నిందించుకొనిరి. కాని వినువాడు లేక నిందించుకొనలేదు. క్రుంగినవానికి శతకమును చదివి వినిపించుట మంచిదే. అంతకుముందు అతని పద్యమునకు మకుటము కావలెను. అనగా అతడు చెప్పునది తుదివఱకు విని, తీర్పు చెప్పక, ప్రక్కన కూర్చుండువారు కావలెను. ఆ పని వైద్యునిది మాత్రమే కాదు. ఇంటివారిది, ఇరుగుపొరుగువారిది, మనవంటి సంఘములది కూడ.