హిమపాతమన్న మాట చాలునా?

హిమాలయాలలో మంచు కురిసిన వార్తకూ, కొండవాలు మీది మంచు ఒక్కుమ్మడిగా జారి మనుషులను పూడ్చివేసిన వార్తకూ తెలుగు పత్రికలు తరచు వాడే మాట ఒక్కటే: హిమపాతం. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ఈ మాటలో దోషం లేదు. హిమం పడటమే హిమపాతం. కాని శాస్త్ర విషయాన్ని బోధించే మాటకు వ్యుత్పత్తి ఒక్కటే చాలదు. వేరు వేరు కారణాలు గల సంగతులను అది వేరుచేసి చూపవలె. ఆ పరీక్షలో ఈ మాట నిలువదు.

ఇట్టి భేదం ఎంత ముఖ్యమో అవనిగడ్డ విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. దివిసీమలో గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలివానకు గట్టి ఇంటిలో తలుపులు బిగించుకొని ఉండవచ్చును. ఉప్పెనకు పల్లపు ఇంటిని వదలి ముందుగానే మెరక చేరుకోవలె. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళమీదికి వచ్చి వేలాదిమందిని బలిగొన్నది. గాలి ఎంత వేగంగా వీచునో చెప్పినంత మాత్రాన, నీరు ఎంత ఎత్తున వచ్చునో చెప్పినట్లు కాదు. పేరు మారితే చేయవలసిన పని కూడ మారుతుంది.

మంచుకొండలలోనూ అంతే. మంచు కురుస్తున్నంతసేపు గుడారంలో ఉండి, ఆకాశం తెరిపి ఇవ్వగానే బయలుదేరితే చాలునన్న భ్రమను హిమపాతమన్న మాట కలిగిస్తుంది. నిజానికి అపాయం అప్పుడే పొంచి ఉండవచ్చును. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు పొట్టు గాలివాలుకు కొట్టుకొనిపోయి ఒకచోట చేరుతుంది. అలాగే గాలి, కొండశిఖరానికి ఒక పక్కనున్న మంచును ఊడ్చి, రెండవ పక్క గాలిమరుగున పేరుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడ ఈ పని సాగవచ్చును. ఎగిరే మంచు పలుకులు విరిగి సన్నని రేణువులవుతాయి. అవి ఒకదానితో ఒకటి బిగిసి పలకవలె గట్టిపడతాయి. దీనిని ‘గాలిపలక’ అనవచ్చును.

దాని అడుగున పట్టులేని పొర ఉంటే, ఒక్క మనిషి బరువుకే ఆ పొర కూలిపోవచ్చును. బీట క్షణంలో వాలుకు అడ్డంగా పాకి, పలక అంతా జారుతుంది. సుమారు 30 నుండి 45 డిగ్రీల వాలులలో ఈ ప్రమాదం ఎక్కువ. అడుగు గట్టిగా ఆనుతున్నది గనుక క్షేమమని బాటసారి అనుకొంటాడు. ఆ గట్టిదనమే మోసం. అడుగు కింద డోలు వంటి బోలు చప్పుడు, పాదాల నుండి సాగే బీటలు, ఇవే ప్రకృతి ఇచ్చే హెచ్చరికలు.

ఇట్టి వార్తలలో రెండవ లోపం ‘ప్రకృతి ఆగ్రహం’ అన్న వాడుక. మంచువాలులపై సంచరిస్తూ పలక జారి మరణించినవారిలో అత్యధికుల విషయంలో, ఆ పలకను కదిలించినది వారో, వారి తోడివారో అయి ఉంటారు. ఆగ్రహమని చెబితే మానవునికి చేయగలిగినదేమీ లేదని అర్థం. కారణం చెబితే, ఆ వాలును తప్పించి నడిచే మార్గం కనిపిస్తుంది.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో పదిమంది సైనికులను పూడ్చివేసినది మంచుగోడ కూలటం. మృతులలో కర్నూలు జిల్లా సిపాయి ఒకరు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశి జిల్లాలో, ద్రౌపదీ కా దండా శిఖరం వద్ద, పర్వతారోహణ శిక్షణలో ఉన్నవారిని బలిగొన్నది వాలు మీది మంచు జారటం. ఈ రెంటినీ, వాటితోపాటు మామూలుగా మంచు కురవటాన్ని కూడ ఒకే మాటతో చెబితే, పాఠకునికి మిగిలేది మృతుల సంఖ్య మాత్రమే.

కొండచరియ అన్న మాట తెలుగువారందరూ ఎరిగినదే. దానిని అనుసరించి ‘మంచుచరియ’ అనటం మేలు. అయితే కృష్ణా డెల్టాలో మంచు అంటే ధనుర్మాసపు వేకువన చేలమీద కమ్ముకొనే పొగమంచు. పేరు మార్చినంత మాత్రాన బరువైన మంచు ముద్ద విద్యార్థి కంటికి కట్టదు. ఉపాధ్యాయుడు ఒక నున్నని చెక్కపై పంచదార పలుచగా చల్లి, దానిపై బియ్యపుపిండిని మందంగా పరచి, మెల్లగా అదిమి, చెక్కను కొద్దికొద్దిగా వాల్చి చూపవలె. కొంతవరకు ఏమీ జరగదు. ఆ తరువాత పిండి పెళ్ళగా విరిగి ఒక్కసారిగా జారుతుంది.