ఎడిటింగు గదిలో ఉమ్మడి నిల్వ

ఈ వారము నాకు చిరాకు కలిగించినది రెండు పుటల కొటేషను. హైదరాబాదు కృష్ణానగరులో నలుగురు యువకులు మూడవ అంతస్తున నొక గది అద్దెకు దీసికొని, డాక్యుమెంటరీలను, వాణిజ్య ప్రకటనలను, అప్పుడప్పుడొక వెబ్ సిరీసును ఎడిటింగు చేయుచున్నారు. ఇంతకాలము ఎవరి హార్డుడిస్కు వారిదిగా గడచినది గాని, ఒకరు కూర్చిన దృశ్యము మఱియొకరికి వలసి వచ్చినప్పుడెల్ల డిస్కును ఊడబెఱికి ప్రక్కబల్లకు మోయుటతో విసిగి, ఫుటేజీ నంతటిని ఒక్కచోట నుంచి నలుగురును ఏకకాలమున దానిపై పని చేసికొనుటకు నెట్‌వర్క్ స్టోరేజీ (నాస్) కొనదలచి, వ్యాపారి యిచ్చిన కాగితములను నాముందుంచి, “ఏది తీసుకోమంటారు, సార్?” అని యడిగిరి. ఆ కాగితములలో వేగము మొదటి పంక్తిలోనే లావు అక్షరములతో నున్నది. ఎన్ని డిస్కులు, ఎన్ని టెరాబైట్లు, ఎన్ని సంవత్సరముల వారంటీ, అన్నియు నున్నవి. ఆ గదిలో ఎవరు ఏ కోడెక్కుతో పని చేయుదురో, ఒకేసారి ఎన్ని కెమెరాల చిత్రమును పేర్చి చూతురో వ్యాపారి యడిగిన జాడ మాత్రము ఎచ్చటను లేదు. పని యెట్టిదో విచారింపకయే పనిముట్టునకు వెల గట్టు నీ యలవాటును గూర్చి ఈ శీర్షికలో పూర్వమును వ్రాసియున్నాను, ఇకముందును వ్రాయుదును.

కావున ముందుగా కాగితము త్రిప్పి దాని వెనుక లెక్క వేసితిమి. 4కే చిత్రమును సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో నుంచినచో సెకనుకు సుమారు 707 మెగాబిట్లు, అనగా 88 మెగాబైట్లు పట్టును. గంట చిత్రమునకు 318 గిగాబైట్లగును. సాధారణమైన గిగాబిట్ కేబులు ఆచరణలో సెకనుకు 110 మెగాబైట్లకు మించి మోయుట అరుదు. అనగా ఒక్క ఎడిటరు, ఒక్క పొర చిత్రము. రెండవ కెమెరా చిత్రమును దానిపై పేర్చిన క్షణముననే ఆట తడబడును. ఆ చిత్రమునకే 1080 పరిమాణమున ప్రోరెస్ ప్రాక్సీ, అనగా తేలికైన నకలు, చేసికొన్నచో సెకనుకు 36 మెగాబిట్లు చాలును; నలుగురును తలకు మూడేసి పొరలు పేర్చుకొన్నను మొత్తము 432 మెగాబిట్లే గనుక ఆ కేబులులో సగమైనను నిండదు. ఇక కొటేషనులోని లావు అక్షరముల వేగము ఒక్కరు ఒక్క ఫైలును వరుసగా చదువునప్పటి వేగము. నలుగురు నాలుగు వేర్వేరు చోట్లనుండి చిత్రము నడిగినపుడు డిస్కులోని హెడ్డు ఈ కొసనుండి ఆ కొసకు పరుగులిడుటలోనే కాలము వ్యయమై, ఆ యంకె నామమాత్రమైపోవును.

నా పాత పట్టుదల యొకటి ఈ శీర్షిక చదువరులకు దెలిసినదే: చిత్రీకరణము మితముగా జరుగవలెను. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషమునకు 90 అడుగులు పరుగెత్తెడిది. వెయ్యి అడుగుల చుట్ట 11 నిమిషములలో నైపోయెడిది. అందుచే కెమెరా కదలకమునుపే దర్శకుడు దృశ్యమును మనస్సులో కూర్చుకొనక తప్పెడిది కాదు. నేడు కార్డు నిండువఱకు కెమెరాను నడుపుచు, ఆలోచించుట యను శ్రమను ఎడిటింగు గదికి దోయుచున్నారు. ఆ భారము మోయుటకు పెద్ద స్టోరేజీ కావలెనని కొనుచున్నారు. మితముగా దీసి, ప్రాక్సీలు చేసికొని, నలుగురికిని నాలుగు మంచి ఎస్ఎస్‌డీలలో పంచి, చిన్నదైన ప్రాజెక్టు ఫైలును మాత్రము ఒకరికొకరు పంపుకొని, తుదికూర్పును ఒక్క యంత్రమున అసలు ఫుటేజీతో కలిపికొన్నచో ఉమ్మడి నిల్వతో ప్రసక్తియే లేదు. లెక్క చూపిన మార్గమిది. ఖర్చును దీనికే తక్కువ.

కాని ఆ గదిలో అయిదవవాడొకడు గలడు. కెమెరా కార్డులను డిస్కులోనికి దింపుట, ధ్వనిని చిత్రముతో జతపఱచుట, క్లిప్పులకు పేర్లు పెట్టుట వాని పని. ఇరువది యేండ్లు దాటని కుర్రవాడు. మూలబల్లయొద్ద నెవరికిని అడ్డురాక కూర్చుండును. కొటేషనులో నాలుగు బల్లలకే కేబుళ్లున్నవి. ఎస్ఎస్‌డీలు పంచు పద్ధతిలోను వానికి భాగము లేదు.

వానిని జూడగా నాకు మద్రాసు వడపళనిలో నేను పని నేర్చిన గది జ్ఞప్తికి వచ్చినది. ఒక గోడ ప్రక్క, ఫిల్మును త్రిప్పి చూచు యంత్రమైన మూవియోలా. దాని సరసన లోపల గుడ్డసంచి తొడిగిన పెద్ద పెట్టె. పెట్టెపై చట్రమునకు వరుసగా చిన్న చిన్న మేకులు. మేకుమేకునకు వ్రేలాడు ఫిల్ము తునకలు. రష్ ప్రింటు ఒక్కటియే. దానినుండి ఎడిటరుగారు కోసివేసిన ప్రతి ట్రిమ్మును, అంచున ముద్రితమైయున్న నంబరును బట్టి ఏ షాటునకు జెందినదో చీటిలో వ్రాసికొని దాని మేకునకు దగిలించుట అప్రెంటిసు కర్తవ్యము. మఱునాడు ఆయన, “ఆ ముక్క మళ్లీ కావాలయ్యా” అని చేయి చాపినచో, అడిగిన మాట ముగియకమునుపే ఆ చేతిలో నుంచవలెను. చేతులకు నూలు తొడుగులు, చెవి సందున గ్రీజు పెన్సిలు, అతుకులకు వాడు సిమెంటు వాసన. అర్ధరాత్రి దాటినను మాకా గది విడువ బుద్ధి పుట్టెడిది కాదు.

ఒకనాడు, పట్నమునుండి వచ్చిన కొడుకు ఉత్తరమును ఎవరిచేతనో చదివించుకొని వినుచున్న తల్లి షాటు వచ్చినది. ఎడిటరుగారు దానిని మూవియోలాపై ముందునకు వెనుకకు పలుమాఱులు త్రిప్పి, ఒక్కచోట గీత గీచి కోసి, మిగిలిన తోకను నాచేతి కిచ్చిరి. అరయడుగు ఫిల్ము, ఎనిమిది ఫ్రేములు. అచ్చటనే యేల కోసిరో యడుగుటకు నాకు ధైర్యము చాలలేదు. రాత్రి అందఱును వెళ్లిన పిమ్మట ఆ తునకను దీపమున కెదురుగా బట్టి చూచితిని. మొదటి రెండు ఫ్రేములలో కనులు నిశ్చలములు. మూడవదానిలో ఱెప్ప వాలుట కారంభించినది. అయిదవదానిలో కను మూసికొన్నది. ఎనిమిదవదానిలో తెఱచిన కనులలో తల్లి లేదు, షాటు ముగిసినదని తెలిసికొన్న నటి యున్నది. ఆ ఱెప్ప కదలకమునుపే ఆయన కత్తెర పడినది. ఈ సంగతి నాకెవ్వరును బోధింపలేదు. కోసినదియు, ఉంచినదియు ఒక్క గదిలో, నా చేతికందు దూరమున నుండుటచేతనే తెలియవచ్చినది. ఆదుర్తి సుబ్బారావు ఎడిటింగు బల్లనుండియే దర్శకత్వమునకు వెళ్లినాడు. ఆ గదులలో పనితోబాటు చూపును అబ్బెడిది.

ఈనాటి కుర్రవానికి మేకులకు దగిలించు ట్రిమ్ములు లేవు. అయినను పాఠము పోలేదు, పెరిగినది. టైంలైనులో కోసినది ఎక్కడికిని పోదు, క్లిప్పు అంచు పట్టి లాగినచో దాగిన ఫ్రేములన్నియు వెలుపలికి వచ్చును. మొన్నటి కూర్పు, నిన్నటి కూర్పు, నేటి కూర్పు వేర్వేరుగా నిలిచియుండును. మాకు దొరకిన తునకలకంటె వానికి సిద్ధముగా నున్న పాఠము ఎన్నియో రెట్లధికము. అదంతయు ఎడిటరు సొంత డిస్కులో, ఆయన యింటికి వెళ్లునపుడు ఆర్పివేసిన యంత్రములో నుండిపోవుచున్నది. కార్డునుండి ఫుటేజీ దిగుట కుర్రవాడు చూచును; అది కథగా మాఱుట చూడడు. కావున వేగపు లెక్క అక్కఱలేదనినను, ఉమ్మడి నిల్వయే కొనుడనియు, అయిదవ బల్లకును తక్కిన బల్లలతో సమానముగా కేబులు వేయుడనియు వారికి జెప్పితిని.

ఇట్లు తలచినపుడు ఏది మంచి పెట్టె యను ప్రశ్నయే మాఱిపోవును. ఒకరు మార్చుచున్న పనిని తక్కినవారు తెఱచి చూడగలుగుటయు, మార్చకుండుటయు ముఖ్యము. అవిడ్‌లో ఒకరు తెఱచిన బిన్ను (క్లిప్పులుంచు అర) మఱియొకరికి తాళము గుర్తుతో కనబడును, చూడవచ్చును గాని మార్చరాదు. ప్రీమియరులో 2020లో వచ్చిన ప్రొడక్షన్స్ ఏర్పాటు ఇట్టిదే. డావిన్సీ రిజాల్వు ఉమ్మడి డేటాబేసుతో ఈ పని చేయును. కొనబోవు నాస్ పెట్టె తమ సాఫ్టువేరుతో ఈ విధముగా నడచునో లేదో ముందు కనుగొనవలెను. వేగమునకు, పెట్టెనుండి స్విచ్చికి ఒక్క 10 గిగాబిట్ కేబులును, స్విచ్చినుండి బల్లకొక గిగాబిట్ కేబులును చాలును. ఆ గది కొలతకు క్యాట్ 6 కేబులుకంటె నెక్కువ వలదు. కాష్ ఫైళ్లు మాత్రము ఎవరి ఎస్ఎస్‌డీలో వారికుండవలెను.

“వాడు పొరపాటున ఏదైనా డిలీట్ చేస్తే?” అని వారిలో నొకడు శంకించెను. యుక్తమైన శంకయే. 1998లో పిక్సారువారి ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లలో అధికభాగము ఒక్క ఆజ్ఞతో తుడిచిపెట్టుకొనిపోగా, బ్యాకప్పు సరిగా పనిచేయుట లేదని అప్పుడుగాని తెలియలేదు. పసిబిడ్డ నుంచుకొని యింటినుండి పనిచేయుచున్న గాలిన్ సస్మన్ యింటి కంప్యూటరులోని నకలు ఆ చిత్రమును నిలిపినది. ఇట్టి భయమునకు విరుగుడు కుర్రవానిని దూరముగా నుంచుట గాదు. జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ వంటి ఫైలు వ్యవస్థలు గంటగంటకు స్నాప్‌షాటు నిలుపగలవు. చెరిపిన ఫైలును వెనుకటి గంటనుండి తీసికొనవచ్చును. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించిన రెయిడ్, అనగా పలు డిస్కులను జతపఱచు పద్ధతి, డిస్కు చెడుటనుండి కాపాడును గాని చేయిజాఱుటనుండి కాపాడదు. 16 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున తిరిగి నింపుటకే 22 గంటలు పట్టును. ఆ వ్యవధిలో రెండవ డిస్కు చెడినను నిలుచు రెయిడ్ 6 నుంచుకొని, వేఱొక యింట నొక నకలును, నెలకొకమాఱు ఆ నకలునుండి ఒక ప్రాజెక్టును తెఱచి చూచు నియమమును ఏర్పఱచుకొనవలెను.

వ్యాపారి ఎనిమిది డిస్కులు వ్రాసినాడు. ఆఱు చాలునంటిని. రెయిడ్ 6లో రెండు పోగా మిగులు 64 టెరాబైట్లలో ఆ పెద్ద ప్రోరెస్ చిత్రమే 200 గంటలు పట్టును. అంతకు మించినచో తగ్గింపవలసినది చిత్రీకరణమును. మిగిలిన రెండు డిస్కుల ధర వేఱొక యింటనుంచు నకలునకును, అయిదవ బల్లపైకి మంచి మానిటరునకును కొంత తోడ్పడును. దినమునకొక గంట కుర్రవాడు కార్డులు దింపుట మాని, అన్నలు ఆనాడు చేసిన టైంలైనులను తెఱచి చూచుకొనవలెననియు, ఆ గంటను సెలవు క్రింద గాక పని క్రిందనే లెక్కించి జీతమీయవలెననియు కాగితము చివర వ్రాసి యిచ్చితిని.