ఒకే షేరు, వేర్వేరు గడువులు

సింగరేణి కాలరీస్ కంపెనీలో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, మిగిలిన 49 శాతం కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి ఆ కంపెనీ షేరు బజారులో దొరకదు. అయినా ఆ కంపెనీ గనులున్న గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో షేర్ల మీద చర్చకు కొదవ లేదు. దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనసు రూపంలో ఒక్కసారిగా చేతికందే సొమ్మును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఏటా కార్మికుల ప్రతి ఇంట్లోనూ తలెత్తుతుంది. 2024లో, విస్తరణ పెట్టుబడికి పక్కన పెట్టినది పోగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, కార్మికుల వాటాగా ప్రకటించగా ఒక్కొక్కరికి సగటున 1.90 లక్షలు దక్కింది. చిట్టీ, బంగారం, ప్లాటు అనే పాత దారుల పక్కన డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లను కాగితాలుగా కాక కంప్యూటర్ లెక్కల్లో భద్రపరిచే ఖాతా కూడా వచ్చి చేరడంతో పాత వాదాలకు కొత్త వాదాలు తోడయ్యాయి.

సొంత కంపెనీ షేరు కొనే వీలు లేని బొగ్గు కార్మికుడి చూపు సహజంగానే ప్రభుత్వ రంగ బొగ్గు సంస్థ కోల్ ఇండియా మీద పడుతుంది. 245 రూపాయల ధరకు జారీ అయిన ఆ షేరు 2010 నవంబరులో బజారులోకి వచ్చిన తొలిరోజే 342 దగ్గర ముగిసింది. 2015లో 400 దాటి, 2020లో 110 దరిదాపులకు జారి, 2024లో 500 పైకి ఎక్కింది. ఈ మధ్యలో కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే సొమ్మైన డివిడెండు మాత్రం ధారాళంగానే వచ్చింది. 2014 జనవరిలో ప్రకటించిన మధ్యంతర డివిడెండు ఒక్కటే షేరుకు 29 రూపాయలు. 2015లో కొని అయిదేళ్లకు విసిగి అమ్మినవాడు దీన్ని పనికిరాని షేరంటాడు, వ్యాపారం విలువకన్నా ధర తక్కువగా ఉన్నప్పుడు కొనాలనే పద్ధతిని, అంటే విలువ పెట్టుబడిని, నమ్మి 2020లో కొన్నవాడు దీన్ని మించినది లేదంటాడు, ఉదయం కొని సాయంత్రానికి వదిలించుకునే ట్రేడరుకు ఈ రెండు మాటలూ పట్టవు. ముగ్గురిలో అబద్ధం చెప్పేవాడు లేడు. పైగా మొదటివాడిలా అమ్మేవాళ్లు లేకపోతే రెండోవాడికి ఆ ధరకు షేరు దక్కేదే కాదు.

ఈ భేదాన్ని స్వభావాల తేడాగానో తెలివితేటల తేడాగానో చూడటం పరిపాటి, కానీ బొగ్గు ప్రాంతంలో అది చాలావరకు ఇంటి జమాఖర్చుల తేడా. బొగ్గు గనుల పింఛను పథకం 1998లో మొదలైంది. ఆ పింఛను ధరలతో పాటు పెరగదన్నది విశ్రాంత కార్మికుల చిరకాల ఫిర్యాదు. అటువంటి మనిషి డివిడెండు కోసం వెతుకుతున్నాడంటే దానికి కారణం చాదస్తం కాదు, నెల ఖర్చు. తండ్రి స్థానంలో కారుణ్య నియామకం పొందిన యువకుడికి ముందు ముప్పై ఏళ్ల జీతం ఉంది కాబట్టి అతడు ధర సగానికి పడినా ఓర్చుకోగలడు. ఒకరి పద్ధతి మరొకరికి తగిలిస్తే ఇద్దరూ నష్టపోతారు, నెపం మాత్రం సలహా ఇచ్చినవాడి మీద పడుతుంది.

"అన్నా, కోల్ ఇండియా తీసుకోవచ్చునా?" అని క్యాంటీన్‌లో ఒకరు అడిగితే "తీస్కో తమ్మీ" అన్న జవాబు వెంటనే వస్తుంది. ఎంతకాలానికి, ఉన్న డబ్బులో ఎంత భాగం, ఏం జరిగితే అమ్మాలి అన్నవి అడిగినవాడూ అడగడు, చెప్పినవాడూ చెప్పడు. అదే మనుషులు గనిలో ఇంత అజాగ్రత్తగా ఉండరు. షిఫ్టు ముగించే మైనింగ్ సర్దార్ అనే పర్యవేక్షకుడు తన పరిధిలోని పని స్థలాల్లో పైకప్పు, గాలి, గ్యాసు ఎలా ఉన్నాయో పుస్తకంలో రాసి సంతకం పెట్టిన తరువాతే వెళ్తాడు, తరువాతి షిఫ్టువాడు దాన్ని చదువుకుని పనిలోకి దిగుతాడు. షేరు గురించి మాట్లాడేటప్పుడు కూడా గడువు, మొత్తం, అమ్మే షరతు ముందే చెప్పుకుంటే సగం తగవులు మొదలే కావు.

వీటితో పాటు చెప్పవలసినది మరొకటుంది: చెప్పేవాడి దగ్గర ఆ షేరు ఇప్పటికే ఉందా అన్నది. సింగరేణి బొగ్గు చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1886లో ఇంగ్లండులో ఏర్పడి ఇక్కడి గనుల హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ షేర్లను నిజాం ప్రభుత్వం చేత కొనిపించిన అధికారి సర్దార్ దిలేర్ జంగ్‌కు ఆ అమ్మకంలో సొంత లాభం దాగి ఉందన్న వివాదం లండన్ దాకా పోయి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. రాజ్యం నడిపేవారికే ఎదురైన ఆ ప్రమాదం క్యాంటీన్ బల్ల దగ్గర ఉండదనుకోవడం అమాయకత్వమే అవుతుంది.

అన్ని పద్ధతులతో కలిసిమెలిసి ఉండటమంటే ప్రతి మాటకూ తలూపడం కాదు. ఉదాహరణకు ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనేవి షేరును నేరుగా కొనకుండా, రాబోయే ధర మీద కుదుర్చుకునే ఒప్పందాలు. పెట్టేది కొంచెమే అయినా లాభనష్టాలు పెద్దవి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో వాటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు మించిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. మిగిలిన ఏడు శాతంలో తానొకడినని ఎవరైనా అంటే నమ్మకూడదని కాదు. అయితే ఒక్కరోజు లాభం చూపే స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి, ఆదాయపు పన్ను లెక్కల కోసం బ్రోకరు ఇచ్చే ఏడాది లాభనష్టాల పట్టిక చూపమని అడగడం అమర్యాదేమీ కాదు. అది చూపడానికి ఇష్టపడకపోతే ఈసారి లాభాల వాటా ఎంత శాతం ఇస్తారన్న దాని మీదికి మాట మళ్లించవచ్చు. గోదావరిఖనిలో దాని మీద ఎవరితోనైనా గంటసేపు మాట్లాడవచ్చు.