గేటు దాటాక ఎవరి దారి వాళ్ళది

1895లో ల్యూమియేర్ సోదరులు తీసిన ఆ ముప్పావు నిమిషం సినిమా మీరు చూసే ఉంటారు. లియోన్‌లో వాళ్ళ సొంత ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది. పనివాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళే, గబగబా బయటికొచ్చి చెరో పక్కకీ వెళ్ళిపోతారు. అంతే.

సరిగ్గా వందేళ్ళకి, 1995లో, జర్మన్ దర్శకుడు హారున్ ఫరోకీ ఆ గేటు దగ్గర ఆగాడు. వందేళ్ళ సినిమాల్లోంచి పని ముగించుకుని బయటికొస్తున్న కార్మికుల దృశ్యాలు ఏరి, 36 నిమిషాల వీడియో వ్యాసం చేశాడు. చాప్లిన్ ఉన్నాడు, మార్లిన్ మన్రో ఉంది. ఫరోకీ గమనించింది ఇది: సినిమా కెమెరా ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళింది తక్కువ. కార్మికులు ఒక సమూహంగా కనబడేది కూడా గేటు దాటే ఆ కాసేపే. ఆ తర్వాత ఎవరి కథ వాళ్ళది.

2011 నుంచి ఆంట్యె ఎహ్‌మన్‌తో కలిసి ఆయన ఇంకో పని మొదలుపెట్టాడు. 15 నగరాల్లో వర్క్‌షాపులు. ఒక్కో వీడియో ఒకటి రెండు నిమిషాలు, విషయం శ్రమ, మధ్యలో కట్ ఉండకూడదు. హనోయ్, బోస్టన్, కైరో, మన బెంగళూరు. అన్నీ నెట్‌లో ఉన్నాయి. నేను గ్యాలరీలో చూళ్ళేదు, రాత్రి కాల్స్ మధ్య లాప్‌టాప్‌లో చూశాను.

చూస్తుంటే బావుంటుంది. నా ఇబ్బంది అక్కడే. ఏ దేశమైనా చేతులు ఒకేలా కదులుతాయి అనిపించి మనసు నిండుతుంది. కానీ నిండేది చూసేవాడి మనసు. బోస్టన్ మనిషికి బెంగళూరు మనిషి కనబడడు. పక్కపక్కన పెట్టినంత మాత్రాన సంఘీభావం పుట్టదు.

ఇది నాకు తెలిసిన సంగతే. కొన్నేళ్ళ క్రితం, ఒక కంపెనీలో, అమెరికాలో ఉన్న ఒకాయన ఆరు వారాలు నాకు కేటీ ఇచ్చాడు. తన పని నాకొస్తోందనీ, తన ఉద్యోగం పోతోందనీ ఇద్దరికీ తెలుసు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. నేను కెమెరా ఆపేసుకుని నోట్స్ రాసుకున్నాను. చివరి రోజు 'ఆల్ ది బెస్ట్' అని చాట్‌లో టైప్ చేశాను. కాల్‌లో ఎదురుగా ఉన్నా ఒక్క మాట అనలేకపోయాను.

అందుకే 1995 వ్యాసంలో నన్ను వదలనిది పుడోవ్కిన్ 'డెజర్టర్' (1933) ముక్క. హాంబర్గ్ రేవులో సమ్మె. సమ్మె విరగ్గొట్టడానికి వచ్చిన కూలీలు ఓడలో సరుకు దించుతుంటారు. వాళ్ళలో ఒకడు, ఒంట్లో సత్తువ లేనివాడు, బరువు మోయలేక కూలిపోతాడు. సమ్మెలో ఉన్నవాళ్ళు అతన్ని చూస్తారు. ఆ చూపులో జాలి పెద్దగా ఉండదు. కానీ ఒకరి తిండి ఇంకొకరి చేతిలో ఉన్న ఇద్దరూ ఒకరికొకరు కనబడతారు. 15 నగరాల వీడియోల్లో నాకు దొరకనిది ఇదే.

ఇంత అడగడం ఆ వీడియోలకి అన్యాయమేమో. రెండు నిమిషాల్లో, కట్ లేకుండా, రెండు ఖండాలు ఒక ఫ్రేములో పట్టవు. పైగా మా పనికి గేటే లేదు. ఆయన ఆఖరి సాయంత్రం ఏ గేటూ తెరుచుకోలేదు. లాగిన్ పనిచేయడం ఆగిపోయిందంతే. ఫరోకీ 2014లో పోయాడు. ఆ దృశ్యాన్ని కెమెరాతో ఎలా తీయాలో ఇంకెవరైనా కనిపెట్టాలి. తీస్తే, అందులో కెమెరా ఆపేసుకున్నవాణ్ణి కూడా చూపించాలి.